ఉద్యోగం చేస్తూ ఎంటెక్: మన హక్కులు ఎక్కడ ఆగిపోతున్నాయి?

బీటెక్ అయి నాలుగైదేళ్లయింది. హైదరాబాద్‌లోనో బెంగళూరులోనో ఉద్యోగం. టెస్టింగో, సపోర్టో, నైట్ షిఫ్టో. మంచి ప్రాజెక్టులోకి మారాలన్నా, కంపెనీ మారాలన్నా ముందు అడిగేది ‘ఏ కాలేజీ?’ అనే. జిల్లా కేంద్రానికి దూరంగా, పొలాల మధ్య కట్టిన ప్రైవేటు కాలేజీ పేరు చెప్పగానే అవతలి గొంతు మారిపోతుంది. ఎంటెక్ చేస్తే ఈ ముద్ర పోతుందా? ఉద్యోగం వదలాలా, వదలకుండా చేయొచ్చా? ఎస్సీ కోటా ఉంటుందా? ఫీజు ఎవరు కడతారు? చదువుల గురించి మాకు వచ్చే ప్రశ్నల్లో ఈ మధ్య ఇవే ఎక్కువ.

అడుగుతున్నవాళ్లు ఎవరో కూడా చెప్పుకోవాలి. ఉమ్మడి రాష్ట్రంలో ఫీజు రీయింబర్స్‌మెంట్ వచ్చాక మాల, మాదిగ వాడల నుంచి ఇంజనీరింగ్ గడప తొక్కిన మొదటి తరం వీళ్లు. ఇంట్లో మొదటి ఇంజనీరు, చాలా ఇళ్లల్లో మొదటి నెలజీతం కూడా. ఆ జీతంలోంచే ఊళ్లో ఇల్లు లేస్తుంది, చెల్లి పెళ్లి అవుతుంది, తమ్ముడి హాస్టల్ ఫీజు వెళ్తుంది. కాబట్టి ‘రెండేళ్లు జీతం మానేసి చదువుకో’ అన్న సలహా ఇవ్వడం తేలిక, పాటించడం కష్టం.

అసలు సంగతి ముందే చెప్పేస్తాం. ఉన్నత చదువుల్లో దళితులకున్న రక్షణలు, అంటే సీటు, ఫీజు మాఫీ, స్కాలర్‌షిప్, స్టైపెండ్, దాదాపు అన్నీ ఫుల్‌టైమ్ విద్యార్థిని మనసులో పెట్టుకుని రాసినవే. మెడలో కంపెనీ ఐడీ కార్డు పడ్డాక అవి ఒక్కొక్కటే జారిపోతాయి. ఉద్యోగస్తుల కోసం ఐఐటీలు, ప్రైవేటు యూనివర్సిటీలు కొత్త కోర్సులు తెరుస్తున్న కొద్దీ ఈ ఖాళీ పెద్దదవుతోంది. ఎవరూ ‘దళితులకు సీటు లేదు’ అని బోర్డు పెట్టడం లేదు. కోర్సును రక్షణలు లేని చోట కడుతున్నారు, అంతే.

ఉద్యోగం వదిలి చదివితే

ముందు పాత దారి చూద్దాం. గేట్ రాసి ఐఐటీలోనో ఎన్‌ఐటీలోనో రెండేళ్ల ఎంటెక్. ఇక్కడ చట్టం గట్టిగా మన పక్కనే ఉంది. 2006 నాటి కేంద్ర విద్యాసంస్థల రిజర్వేషన్ చట్టం ప్రకారం ప్రతి బ్రాంచిలో ఎస్సీలకు 15, ఎస్టీలకు 7.5, ఓబీసీలకు 27 శాతం సీట్లు ఉండాలి. గేట్ దరఖాస్తు ఫీజు ఎస్సీ, ఎస్టీలకు సగమే. అర్హత మార్కు జనరల్ మార్కులో మూడింట రెండు వంతులు. 2025లో కంప్యూటర్ సైన్స్ పేపర్‌కు జనరల్ కటాఫ్ 29.2 అయితే ఎస్సీ, ఎస్టీలకు 19.4. అర్హత వచ్చినంత మాత్రాన మంచి చోట సీటు వస్తుందని కాదు, దానికి ఇంకా చాలా మార్కులు కావాలి. కానీ స్కోరు 3 ఏళ్లు చెల్లుతుంది. ఉద్యోగం చేస్తూ ఒకసారి రాసి పెట్టుకుని, ఇంటి పరిస్థితి చూసుకుని తర్వాతి ఏడాది చేరవచ్చు.

ఎస్సీ కోటాకు ఆదాయ పరిమితి లేదని గట్టిగా గుర్తుపెట్టుకోండి. క్రీమీలేయర్ నిబంధన ఓబీసీలది. ‘జీతం తీసుకుంటూ కోటా ఏంటి’ అని పక్క సీటు వాళ్లు అన్నారని దరఖాస్తులో జనరల్ అని టిక్ పెట్టి వచ్చేవాళ్లు ఉన్నారు. అది ఆత్మగౌరవం అనుకుంటారు గానీ మన సీటును మనమే వదులుకోవడం అది.

ఐఐటీలు, ఎన్‌ఐటీల రెగ్యులర్ ఎంటెక్‌లో ఎస్సీ, ఎస్టీలకు ట్యూషన్ ఫీజు ఉండదు. గేట్ స్కోరుతో చేరినవాళ్లకు నెలకు 12,400 రూపాయల స్టైపెండ్ వస్తుంది. వినడానికి ఉచిత చదువు. లెక్క వేద్దాం. నెలకు 35,000 చేతికొచ్చే ఉద్యోగం వదిలి 12,400 మీద బతికితే నెలకు 22,600 పోతుంది. 24 నెలలకు 5 లక్షల 42 వేలు. హాస్టల్, మెస్ ఖర్చులు వేరే. స్టైపెండ్ కొన్నిసార్లు ఆలస్యంగా పడుతుందని, ఊరికి డబ్బు పంపడం మాత్రం ఆలస్యం చేయలేమని ఈ దారిన వెళ్లినవాళ్లు చెబుతుంటారు. అంటే ఉచితమన్న చదువు విలువ ఐదున్నర లక్షలు. జీతం మీద ఎవరూ ఆధారపడని ఇంటి పిల్లాడికి ఈ లెక్క పుట్టదు. ఒకే తరగతి గదిలో కూర్చున్నా ఇద్దరూ కడుతున్న ఫీజు ఒకటి కాదు.

అయినా మా సలహా అడిగితే, ఇల్లు రెండేళ్లు తట్టుకోగలదంటే ఈ దారే మేలు. ల్యాబ్ ఉంటుంది, రోజంతా చదువే ఉంటుంది, క్యాంపస్‌లో మళ్లీ ప్లేస్‌మెంట్లు ఉంటాయి. కేంద్ర ప్రభుత్వ ఉద్యోగులైతే సెలవు నిబంధనల్లో స్టడీ లీవ్ ఉంది. 5 ఏళ్ల సర్వీసు తర్వాత, మొత్తం సర్వీసులో 24 నెలల వరకు తీసుకోవచ్చు. అది హక్కుగా రాదు, పై అధికారి ఒప్పుకోవాలి.

వదలకుండా చదివితే

ఇక్కడే దారులు ఎక్కువ, అయోమయమూ ఎక్కువ.

అన్నిటికన్నా పాతది బిట్స్ పిలానీ వాళ్లది. 1979 నుంచి ఉద్యోగస్తుల కోసం పనితో కలిపిన చదువును నడుపుతున్నారు. ఎంటెక్ 4 సెమిస్టర్లు, క్లాసులు ఎక్కువగా వారాంతాల్లో ఆన్‌లైన్‌లో, మొత్తం ఖర్చు 3 లక్షల చుట్టూ. గేట్ అక్కర్లేదు. ఐఐటీ కాన్పూర్ 2022లో ఈమాస్టర్స్ పేరుతో ఆన్‌లైన్ డిగ్రీలు మొదలుపెట్టింది. వాటికీ గేట్ అక్కర్లేదు గానీ ఫీజు 8 లక్షల దాకా వెళ్తుంది. ఐఐటీ హైదరాబాద్‌లో డేటా సైన్స్‌లో ఎగ్జిక్యూటివ్ ఎంటెక్ ఉంది. బెంగళూరు ఐఐఎస్‌సీ కూడా ఆన్‌లైన్ ఎంటెక్ నడుపుతోంది, అయితే దానికి కంపెనీ స్పాన్సర్ చేయాలి. మన దగ్గర ఉస్మానియా, జేఎన్‌టీయూ హైదరాబాద్ లాంటి చోట్ల సాయంత్రం వేళ పార్ట్‌టైమ్ ఎంఈ, ఎంటెక్‌లు నడిచాయి. ఏ ఏడాది ఏ బ్రాంచికి నోటిఫికేషన్ ఇస్తారో కనిపెట్టుకుని ఉండాలి. ఫీజు తక్కువ, కానీ గచ్చిబౌలిలో ఆరింటికి లాగౌట్ అయి తార్నాక చేరేసరికి సగం క్లాసు అయిపోతుంది.

బీటెక్ లేని వాళ్లకు ఇంకో దారి ఉంది, మన వాడల్లో చాలామందికి తెలియదు. డిగ్రీ కాలేజీలో బీఎస్సీ కంప్యూటర్స్, బీసీఏ చదివినవాళ్లను విప్రో ఉద్యోగంలోకి తీసుకుని, పని చేయిస్తూనే ఎంటెక్ చదివిస్తుంది. ఫీజు కంపెనీదే. బదులుగా 60 నెలల ఒప్పందం. ఐదేళ్లు కట్టుబడి ఉండటం, ఆ కాలంలో జీతం నెమ్మదిగా పెరగడం దీని ఖరీదు. డిగ్రీలో 60 శాతం అడుగుతారు. ప్రైవేటు నోటిఫికేషన్ కాబట్టి ఎస్సీలకు మార్కుల సడలింపు కోసం వెతకొద్దు. ఐదేళ్ల బాండు అనగానే వెట్టి గుర్తొస్తుందని కొందరంటారు. మేము అంత దూరం వెళ్లం. సంతకం పెట్టేముందు మధ్యలో మానేస్తే ఎంత కట్టాలన్న పేరా మాత్రం రెండుసార్లు చదవండి.

విదేశీ డిగ్రీల్లో ఎక్కువగా వినిపించేది అమెరికాలోని జార్జియా టెక్ ఆన్‌లైన్ మాస్టర్స్. 2014లో మొదలైంది. కోర్సు మొత్తానికి 7,000 డాలర్ల దరిదాపు, మన లెక్కలో సుమారు 6 లక్షలు. ఇంట్లో కూర్చుని చేయొచ్చు, ఒక్కో సెమిస్టర్‌కు ఒక్కో సబ్జెక్టు తీసుకుని నింపాదిగా పూర్తిచేయొచ్చు. చదువు కష్టంగానే ఉంటుంది, ఆ పేరుకు కంపెనీల్లో విలువ ఉంది.

ఇన్ని దారుల్లో రిజర్వేషన్ ఎక్కడుంది? విదేశీ డిగ్రీకి ఆ ప్రశ్నే లేదు. ప్రైవేటు డీమ్డ్ యూనివర్సిటీల్లో తప్పనిసరి చేసే కేంద్ర చట్టం లేదు. రాజ్యాంగంలో అవకాశం ఉంది. 93వ సవరణతో వచ్చిన 15(5) అధికరణ ప్రైవేటు విద్యాసంస్థల్లోనూ రిజర్వేషన్ పెట్టడానికి ప్రభుత్వానికి అధికారం ఇచ్చింది. 2014లో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం దాన్ని సమర్థించింది. అధికారం ఉంది, చట్టం లేదు. ఫలితం ఎలా ఉంటుందో 2025 ఆగస్టులో పార్లమెంటు స్థాయీ సంఘం నివేదికలో కనబడింది. బిట్స్ పిలానీ 2024–25లో ఇచ్చిన లెక్క ప్రకారం 5,137 మంది విద్యార్థుల్లో ఎస్సీలు 29 మంది, ఎస్టీలు నలుగురు. అది మొత్తం సంస్థ గురించిన లెక్క, ఉద్యోగస్తుల కోర్సు గురించి విడిగా కాదు. కానీ కోటా లేని గేటు ఎంత సన్నగా ఉంటుందో తెలుసుకోవడానికి ఆ అంకె చాలు. ప్రైవేటు ఉన్నత విద్యాసంస్థల్లో ఎస్సీలకు 15, ఎస్టీలకు 7.5, ఓబీసీలకు 27 శాతం కోటా ఇచ్చే చట్టం తేవాలని ఆ సంఘమే సిఫారసు చేసింది.

ఐఐటీల సంగతి వేరు. అవి కేంద్ర సంస్థలు, 2006 చట్టం వాటికి వర్తిస్తుంది. ఎగ్జిక్యూటివ్ కోర్సులు మా సొంత ఖర్చుతో నడుస్తాయి, ఇవి మామూలు సీట్లు కావు అనే వాదన ఎక్కడైనా వినిపిస్తే చట్టం ఏమంటోందో చూడండి. ‘ప్రతి బ్రాంచిలో ఏటా అనుమతించిన సీట్లు’ అన్నది చట్టంలోని మాట. దానికిచ్చిన నిర్వచనంలో కోర్సు లేదా ప్రోగ్రామ్ అని ఉంది. పగలు నడిచేదనీ రాత్రి నడిచేదనీ, రెగ్యులర్ అనీ ఎగ్జిక్యూటివ్ అనీ విడదీయలేదు. డిగ్రీ మీద సంస్థ ముద్ర వేసి ఇస్తున్నప్పుడు ఆ సీటు సంస్థ సీటే అని మేమంటాం.

ఆన్‌లైన్‌లో ఫీజు రాయితీ కుదరదన్న మాటనూ నమ్మొద్దు. ఐఐటీ మద్రాస్ 2020లో మొదలుపెట్టిన ఆన్‌లైన్ డేటా సైన్స్ డిగ్రీలో ఎస్సీ, ఎస్టీ విద్యార్థులకు కుటుంబ ఆదాయాన్ని బట్టి 75 శాతం దాకా ఫీజు మినహాయింపు ఇస్తున్నారు. అది బ్యాచిలర్స్ కోర్సు. డిగ్రీ కోర్సుకు చేయగలిగింది ఎంటెక్‌కు ఎందుకు చేయలేరు?

సంతకం పెట్టేది ఎవరు?

ఫీజు కంటే తక్కువగా చర్చకు వచ్చేది, మా దృష్టిలో ఫీజంత పెద్దది, సంతకం. ఉద్యోగస్తుల ఎంటెక్‌లలో చాలావాటికి కంపెనీ అంగీకార పత్రం కావాలి. ఐఐటీల స్పాన్సర్డ్ సీట్లకూ అంతే. బిట్స్ కోర్సుకైతే కంపెనీ అంగీకారంతో పాటు ఆఫీసులో ఒక సీనియర్ మెంటర్‌గా ఉంటానని ఒప్పుకోవాలి. చివరి సెమిస్టర్ ప్రాజెక్టు కూడా చాలా చోట్ల ఆఫీసు పని మీదే చేయాలి. అంటే చేరడానికీ, చదవడానికీ, పట్టా పుచ్చుకోవడానికీ మూడుసార్లు మేనేజర్ దయ కావాలి.

గేట్‌లో జవాబు పత్రం కులం చూడదు. మేనేజర్ బల్ల దగ్గర ఆ భరోసా లేదు. ఎవరిని వదిలితే ప్రాజెక్టు ఆగదు, ఎవరి మీద పెట్టుబడి పెట్టాలి అన్న నిర్ణయాలు టీ దగ్గర, కారు పూలింగులో, ఒకే ఊరి, ఒకే కులపు పరిచయాల్లో జరిగిపోతాయి. 2020 జూన్‌లో కాలిఫోర్నియా పౌరహక్కుల విభాగం సిస్కో కంపెనీ మీద వేసిన కేసు గుర్తుందా? ఒక దళిత ఇంజనీరు ఐఐటీలో రిజర్వేషన్ సీటులో చదివాడన్న సంగతిని పై అధికారి తోటి ఉద్యోగులకు చెప్పాడన్నది అందులో ఒక ఆరోపణ. కంపెనీ ఆరోపణల్ని తోసిపుచ్చింది. ఇద్దరు మేనేజర్ల మీద ఉన్న కేసును 2023లో ఆ విభాగమే ఉపసంహరించుకుంది. కేసు సంగతి ఎలా ఉన్నా, చదువుకున్న సీటే ఆఫీసులో కులాన్ని బయటపెట్టే పత్రంగా మారొచ్చన్న భయం మనవాళ్లందరికీ తెలిసిందే.

అందుకని ఒక చిన్న జాగ్రత్త. కంపెనీ ఇచ్చే అంగీకార పత్రంలో మీ కేటగిరీ రాయాల్సిన పనిలేదు. కుల ధృవీకరణ పత్రం నేరుగా విద్యాసంస్థకు అప్‌లోడ్ చేస్తారు, హెచ్‌ఆర్ ద్వారా కాదు. పత్రం కోసం మాట మీద కాకుండా మెయిల్ మీద అడగండి. కాదంటే కారణం కూడా మెయిల్‌లోనే అడగండి. కంపెనీలో చదువు సాయం పాలసీ ఉంటే, ఎంత సర్వీసుకు ఎంత డబ్బు ఇస్తారన్నది రాసి ఉంటుంది. దాన్ని చదివి, పాలసీ పేరా నంబరు చూపించి అడిగితే ‘చూద్దాం’ అన్న జవాబుతో తప్పించుకోవడం కష్టం.

స్కాలర్‌షిప్ గీత

కేంద్రం పోస్ట్‌మెట్రిక్ స్కాలర్‌షిప్‌కు ఎస్సీల ఆదాయ పరిమితి ఏడాదికి 2.5 లక్షలు. నెలకు 20,833 రూపాయలు. బీపీవోలో కొత్తగా చేరినవాళ్లు కూడా తల్లిదండ్రుల కూలి కలిపితే ఈ గీత దాటిపోతారు. ఎస్సీల జాతీయ ఓవర్సీస్ స్కాలర్‌షిప్‌కు పరిమితి 8 లక్షలు, చాలామంది ఉద్యోగస్తులు ఇందులోకి వస్తారు. కానీ విదేశానికి వెళ్లి ఫుల్‌టైమ్ చదవాలి, వయసు 35 దాటకూడదు. ఎస్సీ కార్పొరేషన్ రుణాలు కూడా ఫుల్‌టైమ్ కోర్సులనే చూస్తాయి.

మిగిలేది బ్యాంకు రుణం. దాని వడ్డీకి ఆదాయపు పన్ను చట్టంలోని 80ఈ సెక్షన్ కింద 8 ఏళ్ల వరకు మినహాయింపు ఉంది, పాత పన్ను విధానంలో ఉన్నవాళ్లకు మాత్రమే. పన్ను కట్టేంత జీతం ఉన్నవాళ్లకు పన్ను మినహాయింపు, స్కాలర్‌షిప్ గీత కింద ఉన్నవాళ్లకు స్కాలర్‌షిప్. ఈ రెంటికీ మధ్య నెలకు 25 వేలు, 30 వేలు తెచ్చుకునేవాళ్లకు ఏమీ లేదు. దళిత ఇంజనీర్లలో చాలామంది నిలబడి ఉన్నది సరిగ్గా అక్కడే.

బాబాసాహెబ్ జీవితంలోనూ ఇలాంటి మలుపు ఒకటి ఉంది. 1916లో లండన్ స్కూల్ ఆఫ్ ఎకనామిక్స్‌లో చేరారు. బరోడా సంస్థానం స్కాలర్‌షిప్ గడువు తీరిపోవడంతో 1917లో చదువు మధ్యలో ఆపి తిరిగొచ్చారు. 1918 నుంచి 1920 దాకా బొంబాయి సిడెన్‌హామ్ కాలేజీలో ప్రొఫెసర్‌గా పనిచేసి జీతంలోంచి దాచుకున్నారు. ఆ డబ్బుతో, కొల్హాపూర్ షాహూ మహారాజ్ సాయంతో, ఒక మిత్రుడిచ్చిన అప్పుతో మళ్లీ లండన్ వెళ్లి 1921లో ఎంఎస్సీ, 1923లో డీఎస్సీ పూర్తిచేశారు. ఇందులో మనం గమనించాల్సింది ఆయన పట్టుదల ఒక్కటే కాదు. నాలుగేళ్లలోపు తిరిగొచ్చి చదువు కొనసాగించుకోవచ్చని ఆ విద్యాసంస్థ అనుమతి ఇచ్చింది. ఆ కాగితం లేకపోతే జీతం దాచుకున్నా లాభం ఉండేది కాదు. కాబట్టి ఏ కోర్సులో చేరేముందైనా అడగాల్సిన ప్రశ్న: ఇంట్లో ఎవరికైనా ఆరోగ్యం పాడై, లేదా ఉద్యోగం పోయి, ఒక ఏడాది ఆపితే నా క్రెడిట్లు ఉంటాయా? ఎన్నేళ్లలోపు పూర్తిచేయాలి? మధ్యలో పీజీ డిప్లొమాతో బయటపడొచ్చా?

పట్టా ఎక్కడ చెల్లుతుంది?

ప్రకటనల్లో ‘ఎంటెక్’, ‘మాస్టర్స్’, ‘పీజీ సర్టిఫికెట్’ అన్నీ ఒకే సైజు అక్షరాల్లో ఉంటాయి. అవి ఒకటి కావు. ఇంజనీరింగ్ కాలేజీలో అసిస్టెంట్ ప్రొఫెసర్ కావాలంటే బీటెక్‌తో పాటు ఎంఈ గానీ ఎంటెక్ గానీ ఎంఎస్ గానీ ఉండాలి, రెండింట్లో ఒకదానిలో ఫస్ట్‌క్లాస్ ఉండాలి. వేరే పేరున్న మాస్టర్స్ డిగ్రీతో అక్కడ చిక్కు రావచ్చు. ఆరు నెలల సర్టిఫికెట్ డిగ్రీయే కాదు. విదేశీ ఆన్‌లైన్ డిగ్రీ ప్రైవేటు కంపెనీకి సరిపోవచ్చు, ప్రభుత్వ పోస్టుకైతే సమానార్హత అడుగుతారు.

దూరవిద్యలో ఇంజనీరింగ్ అని ఎవరైనా అమ్మితే పరుగెత్తండి. 2017 నవంబరులో సుప్రీంకోర్టు, తగిన అనుమతి లేకుండా కొన్ని డీమ్డ్ యూనివర్సిటీలు దూరవిద్యలో ఇచ్చిన ఇంజనీరింగ్ డిగ్రీల మీద తీర్పు చెప్పింది. కొన్నేళ్ల బ్యాచ్‌ల పట్టాలు పరీక్ష రాసి నిలబెట్టుకోవాల్సి వచ్చింది, ఆ తర్వాతి బ్యాచ్‌లవి రద్దయ్యాయి. ఆ పట్టాలు చూపించి ప్రమోషన్లు తెచ్చుకున్న ఉద్యోగులు రోడ్డున పడ్డారు. అప్పు చేసి చదివే మనవాళ్లకు రెండో అవకాశం ఉండదు. కట్టేముందే యూజీసీ, ఏఐసీటీఈ వెబ్‌సైట్లలో సంస్థ పేరు, కోర్సు పేరు, పద్ధతి మూడూ చూసుకోండి.

ఏం చదవాలి అన్నదాని మీద మా మాట మార్కెట్ మాటకు కొంచెం భిన్నంగా ఉంటుంది. ఇప్పుడు ప్రతి ప్రకటనా ఏఐ అంటోంది. ఏఐ చదవొద్దని కాదు. కానీ పేరు మాసిపోయే టూల్స్ నేర్పే కోర్సు కంటే ఆపరేటింగ్ సిస్టమ్స్, కంప్యూటర్ ఆర్కిటెక్చర్, డిస్ట్రిబ్యూటెడ్ సిస్టమ్స్, కంపైలర్లు గట్టిగా నేర్పే కోర్సు పదేళ్లు అన్నం పెడుతుంది. మనం చదివిన చాలా ప్రైవేటు కాలేజీల్లో ఈ సబ్జెక్టులు ముఖ్యమైన ప్రశ్నల గైడ్లతో గడిచిపోయాయి. ప్రాసెసర్ క్యాష్ ఎలా పనిచేస్తుందో, ఒక సర్వర్ పడిపోతే మిగతావి ఎలా సర్దుకుంటాయో తెలిసిన మనిషిని సపోర్ట్ నుంచి డెవలప్‌మెంట్‌లోకి తీసుకోవడానికి కాలేజీ పేరు అంతగా అడ్డు రాదు.

ఫీజు కట్టేముందు ఒక్క సెమిస్టర్ ఉచితంగా పరీక్షించుకోండి. ఐఐటీలు, ఐఐఎస్‌సీ కలిసి నడిపే ఎన్‌పీటెల్‌లో ఈ సబ్జెక్టులన్నీ ఉన్నాయి. వీడియోలు ఉచితం, పరీక్ష రాయాలంటేనే ఫీజు. ఎస్సీ, ఎస్టీలకు అందులో సగం తగ్గింపు ఇస్తున్నారు. కొన్ని కోర్సులకు తెలుగు అనువాదాలూ ఉన్నాయి. 12 వారాల కోర్సు షిఫ్టుల మధ్య పూర్తిచేయగలిగితే ఎంటెక్ కూడా చేయగలరు. మూడో వారంలో ఆగిపోతే 3 లక్షలు మిగిలినట్టే.

అడగాల్సింది, రాతపూర్వకంగా

ఐఐటీలు, ఎన్‌ఐటీలు, ఐఐఎస్‌సీ, ప్రభుత్వ యూనివర్సిటీలు సమాచార హక్కు చట్టం కిందికి వస్తాయి. కేంద్ర సంస్థలకు దరఖాస్తు రుసుము 10 రూపాయలు, ఆన్‌లైన్‌లో పెట్టొచ్చు, 30 రోజుల్లో జవాబివ్వాలి. మేము అడగమనేవి ఇవి. ఫలానా ఎగ్జిక్యూటివ్ లేదా ఆన్‌లైన్ మాస్టర్స్ కోర్సుకు గత మూడేళ్లలో సెనేట్ అనుమతించిన సీట్లెన్ని? కేటగిరీల వారీగా ఎందరు చేరారు, ఎందరు మధ్యలో మానేశారు? రిజర్వేషన్ అమలు చేస్తున్నారా, లేకపోతే అలా నిర్ణయించిన సమావేశపు మినిట్స్ నకలు ఇవ్వండి. ఎస్సీ, ఎస్టీలకు ఫీజు మినహాయింపు ఉందా, లేకపోతే దాని మీద ఎప్పుడైనా చర్చించారా? మినిట్స్ నకలు అడగడం ముఖ్యం. ‘వర్తించదు’ అని ఒక్క ముక్కలో రాసి పంపడం తేలిక, ఎవరు ఎప్పుడు ఏ నిబంధన కింద అలా నిర్ణయించారో చూపడం తేలిక కాదు.

జవాబు వచ్చాక దాన్ని జతచేసి ఎస్సీల జాతీయ కమిషన్‌కు ఫిర్యాదు చేయవచ్చు. రాజ్యాంగం 338వ అధికరణ కింద ఏర్పడ్డ ఆ కమిషన్‌కు సంస్థను పిలిపించి వివరణ అడిగే అధికారం ఉంది. ప్రైవేటు డీమ్డ్ యూనివర్సిటీలను నేరుగా అడగలేకపోయినా, వాటి గురించి యూజీసీ దగ్గర ఉన్న సమాచారాన్ని యూజీసీని అడగవచ్చు. ఒక్కొక్కరు ఒక్కో సంస్థకు పెడితే, ఆ జవాబులన్నీ ఒకచోట పెట్టుకుంటే, ఉద్యోగస్తుల చదువుల్లో మనం ఎంతమందిమి ఉన్నామన్నది మొదటిసారి అంకెల్లో కనబడుతుంది. జవాబులు వచ్చినవాళ్లు మాకూ పంపండి, పేరు లేకుండా వేస్తాం.

రాష్ట్ర యూనివర్సిటీల సీట్ల విషయంలో ఇంకో మార్పు గమనించాలి. 2025 నుంచి రెండు రాష్ట్రాల్లోనూ ఎస్సీ వర్గీకరణ వచ్చింది కాబట్టి దరఖాస్తులో గ్రూపు అడిగితే మీ పత్రంలో అది ఉండాలి. పదేళ్ల కిందట ఇంజనీరింగ్ కౌన్సెలింగ్‌కు తీసిన పాత సర్టిఫికెట్ చాలదు.

గేట్ దరఖాస్తులు సాధారణంగా ఏటా ఆగస్టు చివర్లో మొదలవుతాయి. పరీక్ష ఫిబ్రవరిలో, ఫలితాలు మార్చిలో, ఆ తర్వాత ఐఐటీలకూ ఎన్‌ఐటీలకూ వేర్వేరుగా దరఖాస్తులు, కౌన్సెలింగ్. ఫీజు రాయితీ కావాలంటే దరఖాస్తుతోనే కులపత్రం అప్‌లోడ్ చేయాలి. బెంగళూరు నుంచో పుణె నుంచో సొంత మండలం తహసీల్దారు ఆఫీసు చుట్టూ తిరగడం కుదరదు కాబట్టి, సంక్రాంతికో దసరాకో ఊరికి వెళ్లినప్పుడే మీసేవలోనో గ్రామ సచివాలయంలోనో దరఖాస్తు పెట్టి, కేంద్ర సంస్థల నమూనాలో ఒకటి, రాష్ట్ర నమూనాలో ఒకటి తీసి పెట్టుకోండి.